పంటి ఇంప్లాంట్ల గుర్తింపు: కృత్రిమ మేధకు మన ఎక్స్‌రేలూ నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

దవడలో ఉన్న పంటి ఇంప్లాంట్ (పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) ఏ కంపెనీదో ఎక్స్‌రేను చూసి చెప్పగల కృత్రిమ మేధ గురించి, అది మన ప్రాంతానికి ఎంతవరకు పనికివస్తుందన్న దాని గురించి మీ పాఠకులతో నాలుగు మాటలు పంచుకోదలచాను.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో కొందరు అక్కడే ఇంప్లాంట్ వేయించుకొని వస్తారు. ఇంకొందరు హైదరాబాద్‌లో పిల్లల దగ్గర ఉన్నప్పుడు వేయించుకుంటారు. కొన్నేళ్లకు పైన ఉన్న క్యాప్ కదలడం మొదలైతే హనుమకొండలోనో కరీంనగర్‌లోనో దంతవైద్యుడి దగ్గరికి వస్తారు. చాలాసార్లు ఎముకలోని టైటానియం భాగం గట్టిగానే ఉంటుంది, వదులయ్యేది లోపలి చిన్న స్క్రూ మాత్రమే. అయితే దాన్ని బిగించే డ్రైవర్ అన్ని కంపెనీలకూ ఒకటే కాదు. సరిపోని డ్రైవర్‌తో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, అది ముదిరితే ఇంప్లాంట్‌నే తీయవలసి రావచ్చు. వేసిన క్లినిక్ ఎత్తేసి ఉంటుంది, పేషెంటు దగ్గర కాగితం ఉండదు, ప్రపంచంలో చూస్తే ఇంప్లాంట్ కంపెనీలే వందల్లో ఉన్నాయి.

కొరియా, జపాన్ పరిశోధకులు ఓపీజీలతోనూ (దవడలు, పళ్లన్నీ ఒకేసారి కనిపించే పెద్ద ఎక్స్‌రే) చిన్న పంటి ఎక్స్‌రేలతోనూ శిక్షణ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంప్లాంట్ మెడ, మరలు, కొన ఆకారాలను బట్టి రకాన్ని పోలుస్తుంది. 90 శాతానికి పైగా కచ్చితత్వం వచ్చినట్లు పలు పత్రాలు చెబుతున్నాయి. ఆ అంకెను చూసి మురిసిపోయే ముందు, పరీక్షించినవి కొద్ది రకాలేననీ, చిత్రాలు చాలావరకు అవే ఆసుపత్రులవనీ గమనించాలి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు తాను ఎన్నడూ చూడని రకాన్ని చూపితే, ప్రత్యేకంగా నేర్పితే తప్ప, ‘తెలియదు’ అనదు. తనకు తెలిసిన పేర్లలో దగ్గరిదాన్ని ధీమాగా చెప్పేస్తుంది. మన దగ్గర వాడే దేశీయ ఇంప్లాంట్లు, పెద్ద కంపెనీల నమూనాలను పోలినవి ఆ శిక్షణలో లేకపోతే తప్పు పేరు రావడం ఖాయం. పైగా ఓపీజీలో బొమ్మ అసలు కంటే సుమారు 20 నుంచి 30 శాతం పెద్దదిగా పడుతుంది కనుక, 3.5, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇంప్లాంట్ల తేడాను దానిలో నమ్మకంగా కొలవలేము. సీబీసీటీ (దవడను మూడు కోణాల్లో చూపే త్రీడీ స్కాన్) మేలనుకుంటే, లోహం చుట్టూ పడే మెరుపుచారలు అంచులను చెరిపేస్తాయి.

వరంగల్‌లోనే ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకోవాలని నా విన్నపం. దాని పరిధిలోని దంత కళాశాలల్లో ఇంప్లాంట్ వేసిన రోజే కంపెనీ, సైజు తెలుస్తాయి, ఎక్స్‌రే కూడా తీస్తారు. పేషెంటు అనుమతి తీసుకొని, పేరు, ఇతర వివరాలు తొలగించి ఆ చిత్రాలను ఒకచోట చేరిస్తే మన రకాలను కూడా నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ తయారుచేయవచ్చు. అది ఒకే పేరు కాక, రెండు మూడు అవకాశాలను నమ్మకపు శాతంతో చూపాలి, డ్రైవర్ ఎంపిక వైద్యుడిదే కావాలి.

కొత్తగా వేసేవాటికి ఇంత శ్రమ అక్కర్లేదు. ఇంప్లాంట్ డబ్బాతో సాధారణంగా లాట్ నంబరు (తయారీ విడతను తెలిపే అంకె) ఉన్న స్టిక్కర్లు వస్తాయి. బంగారం రసీదును బీరువాలో భద్రంగా దాచుకునే మనం, దానికి తక్కువ కాని ఖర్చుతో నోట్లో పెట్టించుకున్న వస్తువు పేరైనా అడగము. ఒక స్టిక్కర్‌ను కార్డుపై అతికించి పేషెంటు చేతికి ఇవ్వడాన్ని దంతవైద్యులందరికీ తప్పనిసరి చేయాలని, ఆ వివరాన్ని ఆభా ఖాతాలో (కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ ఆరోగ్య ఖాతా) కూడా నమోదు చేసే వీలు కల్పించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక దంతవైద్యుడు,
హనుమకొండ