24 కొలతలు అడిగిన పెద్దలకు, వెల్డింగ్ చేసిన మిత్రునికి కృతజ్ఞతలు

నా నాలుగు చక్రాల బండి వెనుక సస్పెన్షన్ (కుదుపులు ఓర్చే అమరిక) పని ఎట్టకేలకు పూర్తయింది. రెండు వారాలుగా రాళ్ల దారుల్లోనూ, నిట్టనిలువు ఎక్కుళ్లలోనూ నడిపి చూసిన తరువాత, ఇక మళ్లీ విప్పవలసిన అవసరం లేదన్న నమ్మకం కలిగాకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సాయం చేసినవారు తమ పేర్లు రాయవద్దని కోరినందువల్ల పేర్లు రాయడం లేదు. చదివినప్పుడు ఎవరి మాట వారికి తెలుస్తుంది.

కమాన్ పట్టీలను తీసివేసి కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ను (చక్రాల ఇరుసును) ఛాసిస్‌కు (బండి చట్రానికి) కలిపే నాలుగు లింకులు, అంటే కడ్డీలు, అమర్చాలన్నది నా ఆలోచన. పట్టీలతో ఉన్నప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ నొక్కితే యాక్సిల్ మెలితిరిగి పట్టీలు వంకర తిరిగేవి. ఆ బాధ వదిలించుకోవడానికే ఈ పని మొదలుపెట్టాను. కింద రెండు లింకులు దాదాపు తిన్నగా ముందుకు పోతాయి, పైన రెండు లింకులు యాక్సిల్ మధ్యకు ఏటవాలుగా చేరి, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టి ఉంచుతాయి. బొమ్మ గీసుకున్నాను, పైపులు కోశాను, బ్రాకెట్లు అతికించాను. సమతల దారిలో బండి చక్కగానే నడిచింది. ఎక్కుడు మొదలయ్యేసరికి వెనుక భాగం పైకి లేచి, టైర్లు నేలను పట్టీ పట్టనట్టు ఎగిరి ఎగిరి పడడం మొదలయింది. తప్పు స్ప్రింగులదేనని తీర్మానించుకుని ఇంకా గట్టి స్ప్రింగుల కోసం వెతకసాగాను.

ఆ దశలో నా గోడు విన్న పెద్దాయన స్ప్రింగుల గురించి ఒక్క మాట కూడా అనలేదు. "నాలుగు లింకులకు ఎనిమిది కొసలున్నాయి కదా, ప్రతి కొసకు నేల నుంచి ఎత్తు ఎంత, యాక్సిల్ నుంచి ముందుకు దూరం ఎంత, బండి నడిమి గీత నుంచి పక్కకు ఎంత, ఈ మూడూ కొలిచి పంపండి" అన్నారు. మొత్తం 24 అంకెలు. ఎడమ, కుడి ఒకటే కదా, 12 చాలవా అని అడిగాను. కొలవమన్నారు. కొలిస్తే కుడివైపు పై బ్రాకెట్ పావు అంగుళం వెనక్కి ఉన్నట్టు తేలింది. అది చూసి నేను సిగ్గుపడ్డానని ఒప్పుకోవడమే మర్యాద.

అసలు లోపం అంతకన్నా పెద్దది. పక్క నుంచి చూస్తే, పై లింకు గీతను, కింది లింకు గీతను ముందుకు పొడిగించినప్పుడు అవి ఒక చోట కలుస్తాయి. వెనుక టైరు నేలను తాకే చోటు నుంచి ఆ కలయిక మీదుగా గీత గీసి, ముందు యాక్సిల్ దగ్గర అది ఎంత ఎత్తులో ఉందో చూడాలి. ఆ ఎత్తును బండి గురుత్వ కేంద్రం ఎత్తుతో పోల్చితే వచ్చే శాతమే యాంటీ స్క్వాట్. నా బండికి రెండు యాక్సిళ్ల మధ్య దూరం 100 అంగుళాలు, గురుత్వ కేంద్రం ఎత్తును 30 అంగుళాలుగా అంచనా వేసుకున్నాం. ఆ గీత దాదాపు 50 అంగుళాల ఎత్తుకు పోయింది, అంటే 160 శాతం దాటింది. నూరు దాటితే ఇంజన్ బలం వెనుక భాగాన్ని పైకి లేపుతుంది, అంత ఎక్కువగా ఉంటే టైరు ఒక క్షణం నేలను అదిమి, మరుక్షణం వదిలేస్తుంది. నేను గట్టి స్ప్రింగులు వేసి ఉంటే ఆ ఎగురుడు మరింత ముదిరేది.

యాక్సిల్ మీద పై లింకు, కింది లింకుల మధ్య నేను ఆరు అంగుళాలే ఉంచాను. 35 అంగుళాల టైరుకు అందులో పావు వంతు, అంటే తొమ్మిది అంగుళాల దాకా ఉంచడం మంచిదని ఆయన చెప్పారు. అందుకే పై బ్రాకెట్లను యాక్సిల్ వైపు, ఛాసిస్ వైపు మూడేసి అంగుళాలు పైకి తీసుకున్నాం, ఛాసిస్ వైపు కింది లింకును రెండు అంగుళాలు దించాం. ఇప్పుడు లెక్క 70 శాతానికి కాస్త పైన ఉంది. ఈ అంకె అన్ని బండ్లకూ సరిపోతుందని నేను అనను, నా బండికి, నేను వెళ్లే దారులకు బాగుంది.

ఇంజన్ బలాన్ని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా వణికేది, దాని సంగతి మరొకరు ఒక్క ఛాయాచిత్రం చూసి పట్టేశారు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక చక్రాలకు బలాన్ని పంచే పెట్టె) వైపు జంట జాయింట్ ఉన్న షాఫ్ట్ వేసి, పినియన్‌ను (షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ ముక్కును) మాత్రం రెండు చివరలా ఒక్కొక్క జాయింట్ ఉండే షాఫ్ట్‌కు పెట్టినట్టు ట్రాన్స్‌ఫర్ కేస్ కొసకు సమాంతరంగా పెట్టాను. జంట జాయింట్ ఉన్నప్పుడు పినియన్ షాఫ్ట్ వైపే సూటిగా చూడాలి, బలం పడ్డప్పుడు ముక్కు పైకి లేస్తుంది గనుక ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచాలి.

వెల్డింగ్ చేసిన మిత్రునికి నా రుణం వేరుగా ఉంది. పూర్తిగా అతికించిన బ్రాకెట్లను కోసి మళ్లీ పెట్టాలంటే ఎవరైనా విసుక్కుంటారు, ఆయన విసుక్కోలేదు. ముందు బ్యాటరీ తీగలు విప్పించారు. యాక్సిల్ గొట్టం వేడికి వంగకుండా చిన్న చిన్న అతుకులుగా, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, మధ్యలో చల్లారనిస్తూ పని చేశారు. డిఫరెన్షియల్ దగ్గరి పోత ఇనుము భాగాన్ని ముందుగా కాచి, తరువాత నెమ్మదిగా చల్లారేలా కప్పి ఉంచారు. చుక్క అతుకులతో నిలబెట్టి, స్ప్రింగులు లేకుండా యాక్సిల్‌ను జాక్ మీద పైకీ కిందికీ, ఒక పక్క పైకి మరో పక్క కిందికీ తిప్పి చూడనిదే పూర్తి అతుకు వేయనని ఆయన పట్టుబట్టడం వల్లే మూడు విషయాలు బయటపడ్డాయి: పై లింకు ఇంధన ట్యాంకు అంచును తాకుతోంది, బ్రేకు గొట్టం చివరిదాకా బిగిసిపోతోంది, యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు బంపు స్టాప్ అందుకోకముందే షాక్ అబ్జార్బర్ పూర్తిగా మూసుకుపోతోంది. ఇవి దారి మధ్యలో తెలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించదలచుకోలేదు.

ఆ రాత్రి రెండు గంటల పాటు జాక్ తిప్పుతూ టార్చి పట్టుకున్న ఇద్దరు తమ్ముళ్లకు కూడా నా ధన్యవాదాలు. లింకుల బోల్టులను మొదటి ప్రయాణం తరువాత మళ్లీ బిగించమన్న మాట మరువలేదు, రెండు బోల్టులు నిజంగానే కొద్దిగా వదులయ్యాయి, బిగించాను. పెద్దాయన ఇచ్చిన డిగ్రీల కొలమానం ఇంకా నా దగ్గరే ఉంది, ఈ ఆదివారం స్వయంగా తెచ్చి ఇస్తాను.