మన తెలుగు సంఘం, బరంపురం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. పద్దులు కోశాధికారిగారు సమావేశంలో చదువుతారు. గ్రంథాలయం పైకప్పు ఈ ఏడూ కారింది.

ఈసారి ఎక్కువ రాయాల్సింది పాదరసం గురించి. ఋషికుల్య సముద్రంలో కలిసే గంజాం దగ్గర ఒకప్పుడు పాదరసంతో కాస్టిక్ సోడా తయారుచేసిన ఫ్యాక్టరీ ఉండేదని పెద్దవాళ్లకు గుర్తే. ఆ పాదరసం మనం తినే చేపల్లోకి చేరుతుందేమోనన్న భయం మన వంటింటి దాకా ఉంది. అందుకే కార్తీక వనభోజనాల్లో, భోజనాలకు ముందు, సైన్సు మాస్టారైన మన సభ్యుడొకరు వాగులో దిగి ఒక రాయి తిప్పి చూపించారు. రాతిమీద పాచి, దాన్ని గీక్కుతినే చిన్న పురుగులు. కథంతా ఆ రాతి మీదే ఉందన్నారు.

పాదరసం ఫ్యాక్టరీ నీళ్లతోనే రానక్కర్లేదు. బొగ్గు పొగతో గాల్లోకి ఎగిరి, వానతో దిగుతుంది. గాలి ఆడని బురదలో బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే, ఒంట్లో సులువుగా చేరే విషపు రూపంగా మారుస్తాయి. అది పాచికి ఎక్కేసరికి నీళ్లలో ఉన్నదానికి వేల రెట్లు, ఒక్కోచోట లక్షల రెట్లు చిక్కనవుతుంది. పాచిని పురుగు, పురుగును పిత్తపరిగె, పిత్తపరిగెను కొరమీను తింటాయి. తిన్నది ఒంట్లోంచి త్వరగా పోదు కాబట్టి ప్రతి మెట్టులోనూ పెరుగుతుంది. రెక్కలొచ్చి ఎగిరిన పురుగుల వల్ల ఒడ్డు మీది సాలీళ్లకూ, పిట్టలకూ చేరుతుంది.

‘నీళ్లు అద్దంలా ఉన్నాయి కదయ్యా’ అన్నారొక తాతగారు. కంటికి కనబడదు, వాసనా రాదు. చింతపండు పులుసులో బాగా మరిగిస్తే పోతుందా అని ఓ అక్కయ్య అడిగారు (నా మనసులోనూ అదే ఉంది). పోదు. అది కొవ్వులో కాదు, కండలోని మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడ్డ జబ్బుకు కారణం ఇలా చేపల్లో చేరిన పాదరసమే. అక్కడ తల్లి తిన్నది కడుపులోని బిడ్డ మెదడును దెబ్బతీసింది.

చేపలు మానమని ఎవరూ అనలేదు, అంటే వినేవాళ్లమూ కాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు వేటాడే పెద్ద చేపల బదులు పిత్తపరిగెల్లాంటివి పెట్టడం మేలని అనుకున్నాం. మన చేపల్లో ఎంత ఉందో కొలిస్తేనే తేలుతుంది కాబట్టి పరీక్ష చేయించమని సంబంధిత కార్యాలయానికి అర్జీ ఇచ్చాం. రెండుసార్లు తిరిగాం, జవాబు రాలేదు.

పాత పాదరసం థర్మామీటర్లుంటే చెత్తలో వేయకండి. పగిలితే చీపురుతో ఊడ్చకండి, కిటికీలు తెరిచి, అట్టముక్కతో పోగుచేసి మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టండి. అలాంటి సీసాలు గ్రంథాలయంలో ఉంచాం. మొదటిది మా ఇంటిదే.

ఇట్లు,
కార్యదర్శి