కోహా సదస్సుకు వచ్చేవాళ్ళు ఇది చదవండి

అందరికీ నమస్తే. శనివారం హైదరాబాద్‌లో కోహా (లైబ్రరీ పనులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళ సదస్సు ఉంది కదా, వరంగల్, హన్మకొండ, కరీంనగర్ నుంచి వచ్చేవాళ్ళు రేపు సాయంత్రంలోగా ఇక్కడే పేరు పెట్టండి, కాజీపేటలో పొద్దున రైలెక్కి అందరం కలిసే పోదాం.

ఊరికే కూర్చుని సర్టిఫికెట్ తీసుకుని రావొద్దు, మన సమస్య పట్టుకుని పోదాం. మన పాత తెలుగు జాబితాలు చాలావరకు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టినవే, అందుకే కోహాలోకి ఎక్కించగానే 245 ఫీల్డ్‌లో పుస్తకం పేరు ఉండాల్సిన చోట అర్థం కాని గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తున్నాయి. ముందు వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతిలోకి మార్చాలి. మార్చినా వెతికితే దొరకట్లేదంటే కోహాలో వెతకడానికి వాడే జీబ్రా ఇండెక్సింగ్ ఐసీయూ (యూనికోడ్ అక్షరాలను సరిగ్గా గుర్తుపట్టే) పద్ధతిలో ఉందో లేదో చూడాలి, మన లిపులకు అదే కావాలి, ఆ సెట్టింగ్ మార్చాక మొత్తం రీఇండెక్స్ చేయాలి, అంటే వెతికే సూచీని మళ్ళీ తయారు చేయాలి. 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న హన్మకొండ మనది, ఇక్కడ తెలుగులో కొడితే తెలుగు పుస్తకం దొరక్కపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాబట్టి ప్రతి ఒక్కరూ కొన్ని తెలుగు రికార్డులు మార్క్ (లైబ్రరీలు పుస్తకాల వివరాలు దాచుకునే ఫార్మాట్) ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి చేయించుకుందాం. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైళ్ళు మాత్రం అస్సలు తేవద్దు.

కొత్తగా చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కోహా నడిచే లైనక్స్ రాదని టెన్షన్ పడకండి. కోహా మొదలైందే న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీ కోసం, 2000లో. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు చార్జర్ మర్చిపోవద్దు.