క్యాసెట్లు పారేయమని మాత్రం చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పాత వీడియో క్యాసెట్లను డీవీడీల్లోకి ఎక్కించుకోవడం గురించి రాశారు. మంచి పనే చేశారు. కానీ చివర్లో "ఆ తర్వాత క్యాసెట్లు పారేయొచ్చు" అని ఒక మాట వేశారు చూడండి, అది చదివి చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. ఎందుకంటే సరిగ్గా ఆ పనే చేసి దెబ్బతిన్నవాణ్ణి నేను.

మాది తెనాలి. ఎనభైల్లో మా వీధిలో నలుగురూ తలా కొంత వేసుకుని వీసీపీ (క్యాసెట్లు వేసి చూపించే పెట్టె), దాంతోపాటే కలర్ టీవీ అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేసేవాళ్ళు. మూడోది ఎప్పుడూ బ్లాక్ అండ్ వైటే, అది మొదలయ్యేసరికి మా నాన్నగారు తప్ప అందరూ చాపల మీద నిద్రే. ఆయన పద్యనాటకాల్లో హార్మోనియం వాయించేవారు. తర్వాత రికార్డు కూడా చేసే సొంత వీసీఆర్ కొనుక్కుని పౌరాణికాలూ జానపదాలూ ఓ ఇరవై క్యాసెట్లు పోగేశారు. ఒక్కో క్యాసెట్‌కీ వెనకాల ఉండే ప్లాస్టిక్ ముక్కని స్క్రూడ్రైవర్‌తో విరిచేసేవారు, దాని మీద మేం క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసేస్తామని భయం.

ఆయన పోయాక 2006లో ఆ క్యాసెట్లన్నీ ఊళ్ళో ఒక షాపులో ఇచ్చి డిస్కులు చేయించాను. చేతికి రాగానే క్యాసెట్లని పాత సామాన్ల బండికి వేసేశాను. చెల్లెలి ఇంట్లో ఉండిపోయిన నాలుగు మాత్రం బతికాయి. డిస్కులు తీరిగ్గా చూసింది ఆ తర్వాత. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ, బొమ్మ బాగుండాలంటే రెండు గంటల సినిమాకి సరిపోతుంది. మన పాత సినిమాలేమో మూడు గంటలు. వాళ్ళు దాన్ని ఒక్క డిస్కులో కుక్కారు. పాత ప్రింటులో వాన కురిసినట్టు గీతలుంటాయి కదా, అవి కదిలినప్పుడల్లా ముఖాలన్నీ చదరపు పెంకుల్లా విరిగిపోయేవి. పైగా బొమ్మని వెడల్పు టీవీకి సాగదీశారు. ఎస్వీ రంగారావు గారు మామూలుగానే భారీ మనిషి, ఈ డిస్కులో ఆయన గుమ్మం పట్టనంత అయ్యారు! కింద షాపు పేరు, ఫోన్ నంబరు మూడు గంటలూ పరుగులు పెడుతూనే ఉంటాయి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఒక క్యాసెట్ మధ్యలో చిక్కుకుంటే తీసి మళ్ళీ పెట్టారల్లే ఉంది, నాన్నగారు రివైండ్ చేసి చేసి వినే పద్యం సగంలో తెగిపోయింది. మళ్ళీ ఎక్కిద్దామంటే క్యాసెట్ ఏది?

చెల్లెలి ఇంట్లో మిగిలిన ఆ నాలుగింటినీ నేనే ఎక్కించాను, సెకండ్ హ్యాండ్ వీసీఆర్ కొని, కంప్యూటర్‌కి పెట్టి. కొత్త వీసీఆర్ ఇక దొరకదు, చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. మీ వ్యాసంలో లేనివి ఒకటి రెండు చెప్తాను. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా పొడిలాగా కనిపిస్తే అది బూజు. శుభ్రం చేయకుండా పెడితే వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. ఇంకోటి, బ్లాక్ అండ్ వైట్ సినిమా ఎక్కించేటప్పుడు రంగుని పూర్తిగా సున్నా చేసేయాలి. సినిమాలో రంగు లేకపోయినా టేపులో రంగు కోసం వేరే సిగ్నల్ ఉంటుంది, అందులో ఉండేదంతా చెత్తే, అందుకే చీకటి సీన్లలో ఊదా పచ్చ మచ్చలు, జరీ అంచుల మీద ఇంద్రధనుస్సులు. సున్నా చేసి చూడండి, ముఖం కడిగినట్టుంటుంది.

శ్రుతి సంగతి నాకు హార్మోనియం వల్ల తెలిసింది. క్యాసెట్‌లో ఘంటసాల గారి పద్యం వేసి పక్కన హార్మోనియం మీద పట్టుకుందామంటే అది ఏ మెట్టు మీదా కూర్చోదు, రెండు మెట్ల మధ్యన ఎక్కడో ఉంటుంది. పెట్టె పాతదైపోయిందేమో అనుకున్నాను చాలాకాలం. అసలు సంగతేంటంటే సినిమా రీలు సెకనుకి 24 బొమ్మలు నడుస్తుంది, మన టీవీ పద్ధతి 25, అందుకని క్యాసెట్‌లోకి దించేటప్పుడు నూటికి నాలుగు వంతులు వేగం పెంచి నడిపేవారు. దాంతో గొంతు అర మెట్టు పైచిలుకు లేస్తుంది, మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. చాలామంది కత్తిరించారనుకుంటారు, ప్రతిసారీ కాదు. కంప్యూటర్లో వేగం 96 శాతానికి దించాను, పద్యం వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆ పూట నాన్నగారు ఉండాల్సింది.

ఇదే పని రేపు ఇంకెవరో నాకన్నా బాగా చేస్తారు, వాళ్ళకి క్యాసెట్ కావాలి, నా డిస్కు కాదు. డిస్కేమన్నా శాశ్వతమా అంటే, 2006 నాటి వాటిలో మూడు ఇప్పటికే చదవడం లేదు. ఇంట్లో రాసే డిస్కులో ఉండేది రంగు పూత, ఎండకీ తేమకీ వెలిసిపోతుంది. హార్డ్ డిస్కులో రెండు చోట్ల పెట్టుకోవడమే మేలు. రీ-రిలీజు ప్రింట్లలో నిడివి కోసం పాటలూ పద్యాలూ కోసేయడం మామూలే, మీ అటక మీది క్యాసెట్ ఆ కోత పడకముందు ప్రింటు నుంచి వచ్చిందేమో ఎవరికి తెలుసు? పాత సినిమాలు భద్రపరచడానికి పుణేలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో, అప్పటికే మన తెలుగు మొదటి టాకీ (మాటల సినిమా) వచ్చి 32 ఏళ్ళు. ఆ 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ఇప్పుడు మనకి చూడ్డానికి లేదు.

కాబట్టి వచ్చే ఆదివారం ఆ ఒక్క వాక్యం సవరించి వేయండి. క్యాసెట్‌ని చివరిదాకా చుట్టి, పుస్తకంలా నిలబెట్టి, స్పీకర్ల పక్కన కాకుండా పొడిగా ఉన్న బీరువాలో పెట్టమని రాయండి, అటక మీద వద్దు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, తెనాలి