ఆరణి ఒడ్డు బావులకూ ఒక లెక్క ఉండాలి

సంపాదకుడు గారికి, నమస్కారం.

ఎండలు ముదిరితే మాధవరంలో మేముండే అపార్ట్‌మెంటుకు నీళ్ల లారీ రాని రోజు ఉండదు. మొన్న ఒక ఉదయం, గొట్టం సంపులోకి దించి టీ తాగుతున్న డ్రైవరును ఈ నీళ్లెక్కడివని మాటవరసకు అడిగితే, పెరియపాళెం దగ్గర పల్లె ఒకటి చెప్పాడు. అది మా అమ్మగారి పుట్టిల్లు. అక్కడి బోర్లలో ఊరి కయ్యలకు మిగలవలసిన నీరే పన్నెండు వేల లీటర్ల లారీలో మా ఇంటికి వస్తున్నదని అప్పుడు తెలిసింది.

పెరియపాళెం అంటే చెన్నై తెలుగువారికి భవానీ అమ్మవారి గుడి, ఆడి నెల మొక్కులు, వేపాకు చీరలు. గుడి పక్కన పారే ఆరణి మాత్రం చాలామంది కళ్లకు ఇసుకమేటగానే తెలుసు. పిచ్చాటూరు, నాగలాపురం, సురుటుపల్లి, ఊత్తుకోటల మీదుగా వచ్చి పులికాట్ సరస్సులో కలిసే ఈ ఏరు ఈశాన్య రుతుపవనాలప్పుడు కొన్ని వారాలు పారి, మిగతా ఏడాదంతా ఇసుక కిందనే ఉంటుంది. ఒడ్డున ఉన్న ఊళ్ల వరి, వేరుశనగ, కూరగాయలు బతికేది ఆ ఇసుక కింది తడితోనే. మా మేనమామ గారు ఒకప్పుడు సొర్ణవారి, సాంబా, నవరై అనే మూడు వరి కార్లూ (పంటకాలాలూ) పండించేవారు. రెండేళ్లలో బోరు మోటారును మూడుసార్లు కిందికి దించి, ఇప్పుడు సాంబాతో సరిపెట్టుకుంటున్నారు. దిగుడు బావిలో అడుగు మెట్టు దాకా ఎండిపోయి పావురాలు గూళ్లు పెట్టుకున్నాయి.

నీళ్లమ్మే పక్క రైతును నేను తప్పు పట్టలేను. వరి చేతికి రావాలంటే నాలుగు నెలలు ఆగాలి, లారీ డబ్బు ఏ పూటకాపూట వస్తుంది. అయితే సేద్యానికని ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే కరెంటుతో లారీలు నింపడం ఏ లెక్కన చూసినా సబబు కాదు. ఈ సంగతి చెప్పుకుందామని మామయ్య అర్జీ పట్టుకొని వెళితే, ఎవరి బావిలో నీళ్లు వారు తోడుకుంటే మీకేమిటని ఒక ఉద్యోగి అడిగారట.

ఎగువన ఊత్తుకోట దగ్గర కృష్ణా కాలువ తమిళనాడులోకి వచ్చేచోట ప్రతి క్యూసెక్కుకూ కొలత ఉంది. ఆంధ్రప్రదేశ్‌తో కుదిరిన 1983 ఒప్పందం ప్రకారం ఏటా రావలసిన 12 టీఎంసీలలో ఎన్ని వచ్చాయో, ఎన్ని తగ్గాయో పత్రికల్లో చదువుతూనే ఉంటాం. అదే సీమలో భూమిలోంచి తోడి నగరానికి తరలిస్తున్న నీటిలో నా లారీ వాటా ఎంతో చెప్పే కాగితం నాకు ఎక్కడా దొరకలేదు. చట్టాలు లేక కాదు. చెన్నై పరిసరాల్లో భూగర్భ జలాలు తోడటాన్నీ వాటి రవాణానూ నియంత్రించే చట్టం 1987 నుంచీ ఉంది. రాష్ట్రమంతటికీ అని 2003లో చేసినదైతే అమలుకాకుండానే 2013లో రద్దయింది.

అతిగా తోడితే ఏమవుతుందో దిగువన మీంజూరును చూస్తే చాలు. నగరానికీ పరిశ్రమలకూ దశాబ్దాలుగా తోడిన ఫలితంగా అక్కడి బావుల్లోకి సముద్రపు నీరు చొరబడింది. దానికి దగ్గరలోనే, కాట్టుపళ్లిలో, సముద్రపు నీటిని రోజుకు 10 కోట్ల లీటర్ల మేర మంచినీరుగా మార్చే కర్మాగారం 2010లో మొదలైంది. ఉప్పును ఒకచోట రానిచ్చి, పక్కనే డబ్బు పోసి తీయిస్తున్నాం.

నీళ్లమ్మే ప్రతి బోరుకూ మీటరు బిగించి, ఆ కరెంటుకు వ్యాపార ధర వసూలు చేయాలని, ఏ వారం ఎంత తోడారో, నీటిమట్టం ఎన్ని అడుగుల్లో ఉందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలని అధికారులను కోరుతున్నాను. లారీల నుంచి కొంత రుసుము తీసుకొని ఆ పల్లెల చెరువుల పూడిక తీతకే ఖర్చు పెట్టవచ్చు. ఇలాగైతే లారీ రేటు పెరుగుతుందని మా అపార్ట్‌మెంటు సమావేశంలో కొందరన్నారు. పెరగనివ్వండి, మనం కొంటున్నది ఒకరి పంట నీరు. ఈ పని మార్గశిరంలోగా జరిగితే, నవరైకి మడి దున్నాలో వద్దో మా మామయ్య ఆ గోడ మీది అంకె చూసి తేల్చుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మాధవరం, చెన్నై