స్పీకర్‌ను ఎన్నుకునే ఓటు మాకే ఇవ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా దగ్గర పంచాయతీ ఎన్నికల్లో ఓటరు చేతికి రెండు బ్యాలెట్ పేపర్లు ఇస్తారు. తెల్లది వార్డు మెంబరుకు, గులాబీ రంగుది సర్పంచ్‌కు. టీచరుగా ఉన్నన్నాళ్లూ ఆ డ్యూటీ చేశాను. చదువు రాని ముసలమ్మలు కూడా ఏ కాగితం ఎవరికో అడిగి తెలుసుకుని, జాగ్రత్తగా మడిచి పెట్టెలో వేసేవాళ్లు. పంచాయతీ సమావేశం నడిపే మనిషిని ఊరే ఎన్నుకుంటుంది. వార్డు మెంబర్లు ఎన్నుకునేది ఉపసర్పంచ్‌నే. వాళ్లు అవిశ్వాసం పెట్టి సర్పంచ్‌ను దించలేరు కూడా. ఊరికి ఉన్న ఈ హక్కు రాష్ట్రానికి ఎందుకు ఉండకూడదు? శాసనసభ స్పీకర్‌ను కూడా ఓటర్లే నేరుగా ఎన్నుకోవాలని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను.

రాజ్యాంగం 178వ అధికరణం ప్రకారం ఎమ్మెల్యేలు తమలో ఒకరిని స్పీకర్‌గా ఎన్నుకోవాలి. జరిగేదేమిటంటే, అధికార పార్టీ ఒక పేరు ఖాయం చేస్తుంది, చాలాసార్లు నామినేషన్ ఒక్కటే పడుతుంది, ఎన్నిక ఏకగ్రీవమవుతుంది. అంతవరకు పెద్దగా అభ్యంతరం లేదు. చిక్కు ఫిరాయింపుల దగ్గర వస్తుంది. 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం పార్టీ మారిన ఎమ్మెల్యే పదవి ఉంటుందో పోతుందో తేల్చాల్సింది స్పీకరే. ఆ స్పీకర్‌ను దించాలంటే 14 రోజుల నోటీసు, సభలోని మొత్తం సభ్యుల్లో సగానికి మించిన ఓట్లు చాలు. ఆ ఓట్లు ఎవరి దగ్గర ఉంటాయి? ఫిరాయించిన వాళ్లకు కండువా కప్పిన పార్టీ దగ్గరే. తన పదవి ఎవరి దయ మీద ఉందో వాళ్లకే వ్యతిరేకంగా తీర్పు చెప్పమని ఒక మనిషిని అడుగుతున్నాం. అది ఎంత మంచివాడికైనా కష్టమే.

ఇందులో ఏ పార్టీనీ వేరు చేసి చెప్పలేను. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైఎస్సార్సీపీ గుర్తు మీద గెలిచిన 67 మందిలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. సభ గడువు ముగిసినా వారి అనర్హత సంగతి తేలలేదు. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమైనట్టు స్పీకర్ గుర్తించారు. 2023 ఎన్నికల తర్వాత అదే పార్టీ వంతు వచ్చింది. బీఆర్‌ఎస్ గెలిచిన 39 మందిలో పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారని ఫిర్యాదులు వెళ్తే, మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎండలో నిలబడి ఒక గుర్తుకు ఓటేసిన మనిషికి ఇన్నాళ్లూ జవాబు చెప్పే దిక్కు లేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఈ అధికారాన్ని ట్రిబ్యునల్‌కు ఇవ్వాలని కొందరు అంటున్నారు. ఆ సంగతి ఆలోచించమని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు కూడా పార్లమెంటుకు సూచించింది. మంచిదే. కానీ స్పీకర్ పని ఫిరాయింపులతో అయిపోదు. మైకు ఎవరికి ఇవ్వాలి, ఎవరిని బయటికి పంపాలి, ఏ చర్చకు ఎంత సమయం, అన్నీ ఆ కుర్చీ చేతిలోనే ఉన్నాయి.

నేరుగా ఎన్నుకోవడం ఎక్కడా లేని వింత కాదు. అమెరికాలో టెక్సాస్, జార్జియా, వర్జీనియా రాష్ట్రాల్లో సెనేట్‌కు అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. 2025 నవంబరులో వర్జీనియా ఓటర్లు ఆ పదవికి ఎన్నుకున్న ఘజాలా హష్మీ మన హైదరాబాద్‌లోనే పుట్టారు. ఆమెదీ ఒక పార్టీయే, నిజమే. అయితే ఆ కుర్చీ ఆమెకు సెనేటర్లు ఇచ్చింది కాదు.

మన దగ్గర పార్టీ గుర్తులు లేకుండా, సర్పంచ్ ఎన్నికలాగే పెట్టాలి. నీలం సంజీవరెడ్డి గారు 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. అలా చేయాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఆయన దారిలో మిగతావాళ్లు నడవలేదు కాబట్టి దాన్ని నిబంధనగానే రాసుకోవాలి.

డబ్బు విషయంలో నాకూ టెన్షన్ ఉంది. రాష్ట్రమంతా తిరిగి ప్రచారం చేయడం మామూలు మనిషికి అయ్యే పని కాదు. కానీ మండలాధ్యక్షుడి ఎన్నిక వచ్చినప్పుడు ఎంపీటీసీలను బస్సులెక్కించి క్యాంపులకు తీసుకుపోవడం చూశాం. ఓటు వేసేది పది పదిహేను మందే అయితే కొనడం తేలిక. 1987లో మండలాధ్యక్షుడికి మేమే నేరుగా ఓటేశాం, అప్పుడు మెంబర్లను దాచాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇక వేరే పోలింగ్ రోజు కూడా అక్కర్లేదు. 2024 మేలో ఆంధ్రప్రదేశ్ ఓటర్లు ఒకే రోజు అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి రెండు ఓట్లు వేశారు. అసెంబ్లీ ఎన్నికల రోజునే స్పీకర్‌కు ఇంకో ఓటు వేయడం మాకు బరువు కాదు.

దీనికి 178, 179 అధికరణాలు సవరించాలి. అది పార్లమెంటు చేయాల్సిన పని. మన రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఎవరైనా ఒకరు వచ్చే సమావేశాల్లో దీని మీద ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
జనగామ