సుబ్బారావుగారి ఊరోడివి, నువ్వే అలా అంటే ఎలా రా

ఒరేయ్ సూరీ,

బతికే ఉన్నా రా. బోస్టన్ మారథాన్ పరుగు పూర్తి చేసేశాను. టైమ్ మాత్రం అడక్కు, గెలిచినోళ్ళు స్నానాలు చేసి భోజనాలకి కూర్చునే టైముకి కూడా నేనింకా దారిలో పడే న్యూటన్ కొండలు ఎక్కుతూనే ఉన్నా. ఇప్పుడు మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగుతున్నా, మా ఆవిడ అది వీడియో తీసి ఊరంతా పంచింది, నీకూ వచ్చే ఉంటది.

గ్రూపులో నువ్వు పెట్టింది చూశాలే. "అమెరికా ఆస్పత్రికి మనం చందా ఇవ్వడమేంట్రా, వాళ్ళకి లేని డబ్బా" అని. అక్కడ జవాబు రాస్తే రాత్రంతా గొడవే అని ఊరుకున్నా, అందుకే ఈ చాటభారతం.

ముందు సంగతి చెప్తా విను. బోస్టన్ మారథాన్‌కి ఊరికే పేరిస్తే నంబరివ్వరు. మన వయసోళ్ళైతే ఇంకెక్కడో ఒక మారథాన్ మూడు గంటల చిల్లరలో పరిగెత్తి చూపించాలి, అది మనవల్ల ఈ జన్మకి కాదు. రెండో దారి ఛారిటీ. నువ్వన్న ఆ అమెరికా ఆస్పత్రి, డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వాళ్ళ టీమ్ 1990 నుంచీ ఉంది, కొన్ని వేల డాలర్లు పోగు చేస్తానని ఒప్పుకుంటే వాళ్ళ తరఫున పరిగెత్తొచ్చు. ఆ డబ్బు క్లాడియా ఆడమ్స్ బార్ అనే రీసెర్చ్ ప్రోగ్రామ్‌కి పోతుంది. పిల్లల క్యాన్సర్ ఒక్కదానికే కాదులే, అసలు క్యాన్సర్ ఎలా పుడుతుంది అనే మూలాల మీద పనిచేసేవాళ్ళకి. పెద్ద గ్రాంట్ కావాలంటే ముందు ఎంతో కొంత రిజల్ట్ చూపించమంటారు, రిజల్ట్ రావాలంటే చేతిలో డబ్బుండాలి, ఆ మధ్యలో ఇరుక్కున్నోళ్ళకి మొదటి పెట్టుబడి అన్నమాట ఇది.

అక్కడ ట్రీట్‌మెంట్ తీసుకునే పిల్లల్ని మాకు జోడీగా ఇస్తారు. నా జోడీకి ఏడేళ్ళు, పేరు రాయనులే. ఏ.ఎల్.ఎల్. అనే లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, పిల్లలకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అదే. వాడు మొదటిసారి కలిసినప్పుడే గుండీ విప్పి మందులెక్కించడానికి ఛాతీ మీద చర్మం కింద పెట్టిన పోర్ట్ చూపించాడు, గోలీకాయంత బుడిపె. సూది గుచ్చితే నొప్పి తెలీకుండా ముందే క్రీమ్ రాసి పైన ప్లాస్టిక్ అతికిస్తారంట, సూది పర్లేదు గానీ ఆ ప్లాస్టిక్ పీకేటప్పుడే ప్రాణం పోతుందని వాడి కంప్లైంట్. వాళ్ళమ్మ మందుల పేర్లు గడగడా చెప్తోంది, విన్‌క్రిస్టిన్, సిక్స్ ఎంపీ, వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్... ఆ చివరి పేరు దగ్గర నేను ఆగిపోయా రా. దాని వెనకున్నది మీ భీమవరం మనిషి!

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు బళ్ళో విన్నాం గానీ ఏం చేశాడో మనకెవరూ సరిగ్గా చెప్పలేదు. 1940ల్లో ఇక్కడి పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజీ డాక్టరు, లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఎక్కువైంది. అయితే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందుంటే తగ్గాలి కదా అన్నాడు. అలాంటివి తయారు చేసింది లెడర్లీ అనే మందుల కంపెనీలో సుబ్బారావుగారి టీమే. అందులో అమినోప్టెరిన్ అనేది 16 మంది పిల్లలకిస్తే 10 మందికి గుణం కనిపించింది, 1948లో పేపర్ వేశారు. కొన్నాళ్ళే నిలిచింది, మళ్ళీ తిరగబెట్టింది, కానీ అప్పటిదాకా ఆ జబ్బుకి మందన్నదే లేదు. అదే ఏడు ఆగస్టులో ఆయన పోయాడు, 53 ఏళ్ళకే. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడే. ఇప్పుడు ఇక్కడ ఏ.ఎల్.ఎల్. పిల్లల్లో నూటికి తొంభై మంది దాకా బతుకుతున్నారు.

ఇంకో ముక్క, ఇది నీకోసమే. ఆయన 1920ల మొదట్లో బోస్టన్ వచ్చింది సొంత డబ్బుతో కాదు, మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ అండ. ఇక్కడికొచ్చాక కూడా ఆస్పత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు ఎత్తే పని చేసి చదువుకున్నాడు. కాకినాడ ధర్మం డబ్బుతో మొదలైన ప్రయాణం బోస్టన్ పిల్లలకి మందైంది. ఆ మందే ఇవాళ హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో మన పిల్లలకీ ఎక్కిస్తున్నారు. ఇప్పుడు చెప్పు, ఇందులో వాళ్ళ ఆస్పత్రేది మన ఆస్పత్రేది?

సరే పరుగు గురించి. హాప్‌కింటన్‌లో మొదలు, మొదట్లో అంతా పల్లం, ఆహా ఎంత హాయి అని ఉరికామో, తొడలు అక్కడే అయిపోతాయని అందరూ చెప్తారు, నిజమే. వెల్స్‌లీ కాలేజీ అమ్మాయిల అరుపులు దూరం నుంచే వినిపిస్తాయి, మన తీర్థాల్లో మైకులు కూడా దాని ముందు బలాదూర్. హార్ట్‌బ్రేక్ హిల్ చివర్లో పడింది కాబట్టి అంత పేరుగానీ, ఎత్తు చూస్తే ఏం లేదు. నేను మాత్రం నడిచా, దాచడమెందుకు. ఇరవై ఐదో మైలు దగ్గర ఈ పిల్లలందరూ బోర్డులు పట్టుకుని నిలబడతారు. మావాడు నిలబడలేదు, కుర్చీలో కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నాడు, నేనొచ్చానని వాళ్ళమ్మ భుజం తడితే తలెత్తి చూసి "ఇంత లేటా" అన్నాడు. ఇంగ్లీషులోనేలే, కానీ మీ నాన్నగారు అడిగినట్టే అడిగాడు.

నువ్వు డాలర్లేం పంపక్కర్లేదు రా, నా లెక్క పూర్తయింది, ఆఫీసువాళ్ళు చాలా వేశారు, మా ఆవిడ పులిహోర, గారెలు చేసి అమ్మి మిగతాది పోగు చేసింది. నువ్వు చేయాలనుకుంటే ఈసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ప్లేట్‌లెట్స్ ఇచ్చి రా. కీమోలో ఉన్న పిల్లలకి అవి కావాలి, బయటికి తీశాక కొన్ని రోజులే నిలవ ఉంటాయి, ఎప్పుడూ కొరతే. కాస్త టైం పడుతుంది, చేతికి సూది పెట్టి కూర్చోబెడతారు, నువ్వెలాగూ ఫోన్ చూస్తూ కూర్చునేవాడివే కదా.

ఈ ఉత్తరం మొత్తం గ్రూపులో పెట్టకు, సుబ్బారావుగారి ముక్క వరకూ పెట్టుకో. చెల్లెమ్మని అడిగానని చెప్పు. మా అమ్మ ఫోన్ చేస్తే మాత్రం నా కాలి గోళ్ళు నల్లబడ్డ సంగతి ఎత్తావంటే ఊరుకోను.

నీ
రాంబాబు